అందరి బట్టలూ, ఒక్క సీటు

“టిక్కెట్టేమన్నా దిగిందా?” అన్నాను నేను.

“దిగలేదే. ఇంకా పైకెళ్ళి కూర్చుంది,” అన్నాడు.

“పోనీ ఓడకి రాకూడదూ?”

“ఓడకి పేరిచ్చా. అదెప్పుడొచ్చుద్దో దానికే తెలీదు. నువ్వన్నం తిన్నావా?”

“తిన్నా.”

“ఏం కూర?”

“వంకాయ, ఎండు మెత్తళ్ళు.”

“ఊఁ. ఉంటా మరి,” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇంతకన్నా గొప్ప మాటలు మాట్లాడుకున్నట్టు రాయకు, అమ్మాయీ. నువ్వు మా మరిది కూతురివి, గుడివాడలో నర్సు చదువు చదువుతున్నావు. నాకు సంతకం తప్ప మరో అక్షరం రాదు. నా మాట తీరుని నీ చదువుకి తగ్గట్టు సర్దుకో, పరవాలేదు. జరిగింది మాత్రం జరిగినట్టే ఉంచు. నా గొంతు బొంగురు పోతే ఆగు, నీళ్ళు తాగి చెప్తాను.

మాది దివిసీమలో అడుగున, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న లంక. చుట్టూ నీళ్ళు. వంతెన లేదు. అవనిగడ్డలో గంప దించి చేపలమ్మాలంటే ముందు పంటు ఎక్కి పాయ దాటాలి, తర్వాత ఆటో ఎక్కాలి. మాకు వచ్చే ప్రతిదీ ఆ పంటు మీదే రావాలి. గ్యాసు బండ, సిమెంటు కట్ట, పసిపిల్ల పాల డబ్బా, ఏదైనా సరే. గట్టు మీద ఒక ధర, నీళ్ళు దాటాక ఇంకో ధర. పుట్టినప్పటినించీ అంతే కాబట్టి అది మాకు తప్పుగా తోచదు. లంకలో ఉన్నాక నీళ్ళకి కూలి కట్టాలి అనుకునేవాళ్ళం.

మా ఆయన అంతకంటే దూరపు లంకకి వెళ్ళాడు. ఇక్కడ ఏరు సముద్రంలో పడే మొగలో వేట పడిపోయిన ఏడు, అండమానులో పోర్టు బ్లెయిరుకి పడవ పనికి వెళ్ళాడు. మొదట్లో ఏటా వచ్చేవాడు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపేస్తారు కదా, ఆ రోజుల్లోనే వాళ్ళకి తీరిక. కానీ ఊళ్ళు చూడటానికి వెళ్ళే వాళ్ళకీ, పిల్లల బడులకీ సెలవులు ఆ రోజుల్లోనే. అందుకని సరిగ్గా అప్పుడే విమానం టిక్కెట్టు ఎక్కి కూర్చుంటుంది. ఒక ఏడు ఓడ దొరికి వచ్చాడు. ఒక ఏడు రాలేదు. ఆ తర్వాత రాకపోవడమే అలవాటయింది. పిల్లలు లేని ఇల్లు మాది. నేను గంప మోసుకునేదాన్ని, ఆయన అక్కడ వల లాగేవాడు, పొద్దుగూకి ఫోనులో కూర సంగతి చెప్పుకునేవాళ్ళం. కాపురం అదే.

ఆ ఫోను మాట్లాడిన తెల్లారి, ఆయన పనిచేసే పడవ నడిపే సరంగు దగ్గరినించి మీ నాన్నకి కబురొచ్చింది. వల సర్దుతూ సర్దుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. పెట్టెలో పెట్టి విమానంలో పంపాలంటే మనిషికయ్యేదానికి ఎన్నో ఇంతలు అవుతుందని సరంగు చెప్పాడు. “మీరే రండి. ఎల్లుండి పొద్దువాలేదాకా ఆపుతాం. ఆసుపత్రి ఐసులో ఉంటాడు,” అన్నాడు.

నేను ఏడవలేదు ముందు. ఐసు అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా బతుకంతా ఐసులో చేతులు పెట్టి ఉంది.

ఆ రోజు నువ్వు సెలవు మీద ఇంట్లోనే ఉన్నావు. ఫోను పట్టుకుని టిక్కెట్లు చూసింది నువ్వే. పేటలో పెద్దలంతా మన అరుగు మీదకి వచ్చారు. మీ నాన్న కొత్త వలకి దాచింది తెచ్చి పెట్టాడు, ఇంటింటా ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి పెట్టారు. ఇద్దరం వెళ్ళడానికి సరిపోతుందని చెప్పావు. మీ నాన్న, నేను. అప్పటికి పొద్దు ఇంకా నెత్తికెక్కలేదు.

“కొనేద్దామా?” అన్నావు.

అప్పుడు పేట పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. “తొందరపడమాక పాపా. ఆ విమానం ఎప్పుడెళ్ళుద్ది?”

“ఎల్లుండి పొద్దున్న, తాతా.”

“దాన్లో ఇంకా ఖాళీలున్నాయా?”

“ఉన్నాయి.”

“మరింకేం. పొద్దున్న పండుగప్పకి ఉన్న ధర మజ్జాన్నానికి ఉంటదా? చీకటి పడేతలికి అడిగినంతకి ఇచ్చెయ్యమా మనం? ఖాళీ సీటు కుళ్ళిన చేపంత. మోసుకుపోతే వాడికేం వచ్చుద్ది? సాయంత్రం దాకా ఆగితే వాడే దిగొస్తాడు.”

అందరూ అవునన్నారు. నేనూ అవుననే అనుకున్నాను. ఈ చేతులతో ఎన్ని వేల చేపలమ్మానో, ఏ పొద్దుకి ఏ ధరో నాకు తెలియదా. గంపలో మిగిలిందాన్ని ఎవరూ ఇంటికి మోసుకుపోరు. పుట్టిన దగ్గరినించీ మా వాళ్ళందరికీ నెత్తురులో ఉన్న లెక్క అది. నువ్వొక్కదానివే గొణిగావు, “అలా ఉండదేమో” అని. ఒకాయన నవ్వి, “గుడివాడలో చేపలు కొనుక్కు తినేవాళ్ళకేం తెలుసులే” అన్నాడు.

మధ్యాహ్నం చూశావు. ఎక్కింది. ఇంకో గంట ఆగి చూశావు. మళ్ళీ ఎక్కింది.

“బేరగాడు బిగిశాడు. ఇప్పుడే మెత్తబడతాడు,” అన్నాడు పెద్దాయన.

పొద్దు వాలుతున్నకొద్దీ మా సరుకు దిగుతుంది, అది ఎక్కుతోంది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అవతల మనిషి లేడు. గొంతు లేదు. కసురుకోవడానికి మొహం లేదు. నీ అరచేతిలో అంకె మాత్రం, పోటు నీరు మెట్టు మెట్టు ఎక్కినట్టు ఎక్కుతూ వచ్చింది. మనం చూస్తున్నామని దానికి తెలుస్తోందేమో అనిపించింది నాకు. నిజం చెప్తున్నాను, భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. కుళ్ళిపోయే కొద్దీ ప్రియమయ్యే సరుకు లోకంలో ఉందన్నమాట. వెళ్ళక తప్పని మనిషిని అది వాసన పట్టి కనిపెడుతుందన్నమాట.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరికి చాలిన డబ్బు ఒక్కరికే చాలింది. పెద్దాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అందరం కలిసి చేసిన బేరమే.

ఇక ఎవరు వెళ్ళాలి అన్నది వచ్చింది. మగవాడే వెళ్ళాలన్నారు. తలకొరివి పెట్టాలి, పాడె మోయాలి, ఆడది అంత దూరం వెళ్ళి ఏం చేస్తుంది, ఏనాడన్నా బెజవాడ దాటి ఎరుగునా అన్నారు. అన్నీ నిజాలే. నేను బందరు రేవు ఎరుగుదును, చల్లపల్లి సంత ఎరుగుదును, అంతవరకే.   నాకు ఆయన మొహం చూడాలనుంది. అది తప్ప ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఆ మొహం నేను కళ్ళారా చూసి ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే, గడ్డం నెరిసిందో లేదో కూడా తెలియదు.

మీ నాన్న లేచాడు. “వదిన వెళ్ళుద్ది,” అన్నాడు.

“నువ్వు తమ్ముడివిరా,” అన్నాడు పెద్దాయన.

“అవును. నేను అన్నతో చిన్నప్పటినించీ కలిసి తిరిగా. వదిన కాపురం ఫోన్లోనే అయిపోయింది. వదిన వెళ్ళుద్ది.”

అంతే అని లోపలికి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళలో పోయిన మనిషి మీద దగ్గరి వాళ్ళంతా తలా ఒక కొత్త బట్ట తెచ్చి కప్పాలి. ఎవరి బట్ట వాళ్ళ చేత్తోనే కప్పాలి, ఇంకొకరి చేత పంపించకూడదు. ఆ రోజు ఆ పద్ధతి కూడా నీళ్ళు దాటింది. తెల్లారేసరికి ఒక్కొక్కరూ వచ్చి నా ఒళ్ళో బట్ట పెట్టారు. మీ నాన్నది పంచె. ఆడపడుచుది తువ్వాలు. మా అన్నది పంచె. నీది తెల్ల చేతిగుడ్డ. పెద్దాయన తన పెట్టెలోంచి కట్టని పంచె ఒకటి తీసి తెచ్చాడు. “నా చెయ్యి అనుకుని నువ్వే కప్పమ్మా,” అన్నాడు. అన్నిటినీ ఒక పాత చీరలో మూట కట్టాను. నా సామాను అదే.

మీ నాన్న మద్రాసు దాకా నాతో రైల్లో వచ్చాడు. విమానాల చోట గుమ్మం దగ్గరే ఆయన్ని ఆపేశారు. టిక్కెట్టు లేని వాళ్ళకి అక్కడినించి లోపలికి లేదట. అద్దం అవతల నేను, ఇవతల ఆయన. ఏదో అన్నాడు, వినపడలేదు. చేత్తో తన మొహం చుట్టూ తిప్పి చూపించాడు. అన్న మొహం నాకోసం కూడా చూసి రా అని. నేను తలూపాను.

లోపల సోదా చేసే చోట ఖాకీ బట్టల పిల్ల ఒకతి నా మూట విప్పమంది. విప్పాను. పైది తీసింది, కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి, అన్నీ కొత్తవి, అన్నీ తెల్లవి. ఏదో అడిగింది. నాకు ఆ భాష రాదు. నేను కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి చూపించాను. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. వెనకాల వరస పెరుగుతోంది, ఎవరో విసుక్కుంటున్నారు. ఆ పిల్ల మాత్రం ఒక్కొక్క బట్టా మడత చెదరకుండా, అంచుకి అంచు కలిపి, మళ్ళీ పేర్చి, ముడి కూడా తనే వేసింది. మూటని రెండు చేతులతో నాకిచ్చింది. ఇంత చేసినదాని ఊరేమిటో నాకు తెలియదు.

విమానం గురించి ఏం చెప్పను. పరిగెత్తినంతసేపూ పల్లంలో పడ్డ లారీలానే ఉంది. ఒక్కసారిగా కుదుపు ఆగింది. ఆగిందేమిటా అని కిటికీలోంచి చూస్తే నేల కిందికి పోతోంది. మేము పైకి వెళ్తున్నట్టు లేదు, ఊరే కిందికి దిగిపోతున్నట్టుంది. మూట ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. పక్క సీటులో కొత్తగా పెళ్ళయిన జంట, చేతులు నిండా గాజులు, సముద్రం చూడటానికి వెళ్తున్నారు. నాకు చేతకాకపోతే, బయల్దేరకముందే ఆ అమ్మాయే నా నడుముకి పటకా బిగించింది.

కాసేపటికి కింద సముద్రం వచ్చింది. అమ్మాయీ, నేను సముద్రం పక్కన పుట్టాను. అలలు, నురగ, హోరు, ఉప్పు గాలి, అదే సముద్రం అనుకున్నాను. అవన్నీ అంచులట. పైనించి చూస్తే అల లేదు, చప్పుడు లేదు. ఉతికి ఆరేసిన నీలం చీర ఒకటి, ఎక్కడా కుట్టు లేకుండా, కనుచూపు మేర పరిచి ఉంది. దాని మీద మబ్బుల నీడలు. మబ్బులు నా కిందున్నాయి. నేను అంత పెద్దదాన్ని అంతవరకూ చూడలేదు. గుడిలో కూడా నాకు అలా ఒళ్ళు జలదరించలేదు. చాలాసేపటికి ఒక చోట బియ్యపు గింజంత తెల్లటిది కనిపించింది. దాని వెనక సన్నటి గీత. పడవ. దాంట్లో మనుషులుంటారు కదా, అనుకున్నాను. ఇలాంటి గింజలోనే కదా ఆయన ఉన్నది. ఇంత నీటి మధ్య ఆ గింజలో నించుని వల లాగి, సాయంత్రం గట్టుకొచ్చి, ఏం కూర అని నన్నడిగాడు కదా.

పంటు కోసం చూసి చూసి, ఆటో ఎక్కి అవనిగడ్డ చేరే పాటి సేపట్లోనే ఆ సముద్రమంతా దాటేశాం. పచ్చటి లంకలు వచ్చాయి. ఒకటి కాదు, చేటలోంచి పెసలు జారినట్టు, తెల్ల ఇసక అంచులతో. మా లంక లాంటివి ఇన్ని ఉన్నాయన్నమాట లోకంలో అనుకున్నాను. దిగేముందు రేవు కనపడింది. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి, పక్క పక్కన. వేట ఆపే రోజులింకా రాలేదు, గాలి లేదు, ఆకాశం తేటగా ఉంది, ఇంత మంచి వేటరోజున ఒక్కటీ కదల్లేదేమిటా అనుకున్నాను. చేపలదాన్ని కదా, కన్ను అటే పోయింది.

సరంగు, ఆయన భార్య గేటు దగ్గర నిలబడి ఉన్నారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు, తాతల నాడు వెళ్ళి స్థిరపడ్డారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “వచ్చినావా అక్కా, ఒక్కర్తివే వచ్చినావా,” అంది. దారిలో సరంగుని అడిగాను, పడవలెందుకు కట్టేశారని.

“మనిషి ఇంకా లేచి వెళ్ళలేదు గదా అక్కా. ఎలాగ వల వేస్తాం?” అన్నాడు.

మా లంకలోనూ అంతే. పేటలో శవం ఉంటే సాగనంపేదాకా ఎవరూ వేటకి వెళ్ళరు. కానీ మాకది ఒక పూట. వీళ్ళకి మూడో రోజు. మా ఆయన వాళ్ళకి చుట్టం కాదు, ఊరివాడు కాదు. మేము అరుగు మీద కూర్చుని ధర దిగుద్దని చూసినంతసేపూ ఈ పడవలు కట్టేసే ఉన్నాయి. 

సరంగు భార్యే దారంతా చెప్తూ వచ్చింది. “ఇక్కడ టమాటా కూడా ఓడ ఎక్కి రావాల అక్కా. తుపాను పట్టి ఓడ ఆగితే ఉల్లిపాయ దొరకదు. మా అమ్మ పోయినప్పుడు మా నలుగురి టిక్కెట్టు చూసినాం, అవలేదు. ఫోన్లో చూసినాను మా అమ్మని. అప్పటినించీ మా వీధిలో ఒక మాట అనుకున్నాం. ఎవరు పోయినా, ఒక్క మనిషయినా వచ్చి చూసేదాకా ఆపాల. ఎంతయినా ఆపాల.”

ముందు ఆయన గదికి తీసుకెళ్ళింది, స్నానం చేయమని. రేకుల గది. గుమ్మం బయట చేపలకి వాడే తెల్ల థర్మాకోలు పెట్టెలు, విరిగినవి, మట్టి నింపి వరసగా పెట్టి ఉన్నాయి. గోంగూర, మిరప, ఒక వంగ మొక్క. వంగకి ఒక కాయ, ఇంకా కోయలేదు. కూరగాయలు కొనలేక పెంచాడని ఆవిడ చెప్పింది. ఫోనులో ఏ రోజూ చెప్పలేదు నాతో. నేను వంకాయ అంటే ఊఁ అన్నాడు. ఆ ఊఁ లో ఏముందో ఆ మొక్కల ముందు కూర్చుంటే తెలిసింది.

తర్వాత ఆయన్ని తెచ్చారు.

మీ నాన్నకి ఫోనులో చూపిస్తానని సరంగు అన్నాడు. కలిపాడు కూడా. మీ నాన్న వద్దన్నాడు. “ఫోన్లో చూస్తే అదే గుర్తుండిపోద్ది. వదిన చూస్తోందిగా,” అన్నాడు. తలకొరివి తన బదులు సరంగునే పెట్టమని చెప్పి ఫోను పెట్టేశాడు.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా రాయి. గడ్డం నెరిసింది, మొత్తం కాదు, కిందిది మాత్రం. మొహం బాగా నల్లబడింది. అక్కడ ఎండకి టోపీ పెట్టుకునేవాడట. టోపీ కింద ఉన్న నుదురు మాత్రం తెల్లగా, పెళ్ళినాడు బాసికం కట్టిన నుదురులాగే ఉంది. ఆ గీతకి పైన నేనెరిగిన మనిషి, కింద నేనెరగని మనిషి. కనుబొమ్మల మీద ఐసు కరిగి తడి ఉంది. కొంగుతో తుడిచాను. ఎడమ చెవి దగ్గర చిన్నప్పుడు మీ నాన్న గాలం తగిలించిన మచ్చ ఉంది కదా, అది అలాగే ఉంది. దాన్ని కూడా ముట్టుకున్నాను.

మూట విప్పాను. వీధి వాళ్ళంతా చుట్టూ నించున్నారు. ఒక్కొక్క బట్టా విప్పి కప్పుతూ ఎవరిదో ఆయనకి చెప్పాను. ఇది మీ అక్కది. ఇది మా అన్నది. ఇది పెద్దాయన తన పెట్టెలోంచి తీసింది, కట్టలేదు, కొత్తదే. ఈ చేతిగుడ్డ మన పిల్లది. చెప్తుంటే వాళ్ళంతా నీళ్ళు దాటి వచ్చి నా వెనక నించున్నట్టే ఉంది. నా చేతులు నావి కావు, అందరివీ అయ్యాయి. అన్నిటికన్నా పైన మీ నాన్న పంచె కప్పాను. మెడ దాకా లాగి, చంటి పిల్లాడికి చుట్టినట్టు రెండు వైపులా దోపాను. నాది కింద ఒంటికి తగిలేటట్టు ముందే కప్పేశాను. అప్పుడు సరంగు కుండ ఎత్తుకున్నాడు.

సాయంత్రం పడవలు విప్పారు. బూడిద ఒళ్ళో పెట్టుకుని, ఓడ దొరికిన రోజున ఎక్కి, విశాఖపట్నం మీదుగా తిరిగొచ్చాను. మొగ దగ్గర మీ నాన్న నడుముల్లోతు నీళ్ళలోకి దిగి కలిపాడు. ఒడ్డుకొచ్చి నావైపు చూశాడు. చెప్పబోయాను. పొడి తువ్వాలు అందించి వెనక్కి తిరిగాను. అప్పటినించీ ఆయన అడగలేదు. అడిగితే నేను ఏడుస్తానని. నేను చెప్పలేదు. మొదలుపెడితే ఆయన లేచి వల దగ్గరకి వెళ్ళిపోతాడని. ఒకే చూరు కింద ఇన్నాళ్ళుగా ఇద్దరం చెరో వైపు తిరిగి అన్నం తింటున్నాం. సీటు నాకిచ్చి ఆయన తెచ్చుకోమన్నది ఆ మొహం ఒక్కటే. అది ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

ఇంతే. ఇంకేమీ లేదు. మీ నాన్న పెరట్లో వల బాగు చేసుకుంటున్నాడు, పిలు. రానంటే చెయ్యి పట్టుకుని తీసుకురా. ఇక్కడ నా పక్కన కూర్చోబెట్టి, మొదటినించీ గట్టిగా చదువమ్మా. నేనూ వింటాను.